ఇంజిన్ పోయిందంటే ఏం పోయినట్టు?

మెకానిక్ నోట "ఇంజిన్ పోయింది" అన్న మాట వినగానే బండి పని అయిపోయిందనే అనుకుంటాం. షెడ్డులో మాత్రం ఆ మాటకు పది అర్థాలున్నాయి. హెడ్డుకు (ఇంజిన్ పైభాగానికి), బ్లాకుకు (కింది దిమ్మెకు) మధ్య ఉండే హెడ్ గాస్కెట్ కాలినా ఇంజిన్ పోయినట్టే, సిలిండర్‌లో ఆడే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగినా పోయినట్టే, పిస్టన్‌ను కింద తిరిగే క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ విరిగి బ్లాకును పొడుచుకుని బయటికొచ్చినా పోయినట్టే. మొదటిది రెండు మూడు రోజుల పని. చివరిదాన్ని తూకానికి వేసుకోవడమే. ఇంత తేడా ఉన్నవాటికి ఒకే మాట వాడుతున్నాం కాబట్టే, ఏం పాడైందో తేలకముందే "బాగు చేయించాలా, మార్చేయాలా" అన్న ప్రశ్న వచ్చి కూర్చుంటుంది.

పాత వ్యాన్లతో నాకున్న అనుభవంలో ఆ ప్రశ్నకు జవాబు రెండు విషయాల్లో దొరుకుతుంది. ఆ పనికి ఇంజిన్ దింపాలా, అక్కర్లేదా? ఇంజిన్ చుట్టూ ఉన్న వ్యాను ఇంకెన్నేళ్లు నిలబడుతుంది? మిగతా లెక్కలన్నీ వీటి వెనకే వస్తాయి. అయితే అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది: అసలు పోయిందా?

పోయినట్టు కనిపించేవి

నీలిపొగ వస్తోందంటే ఆయిల్ కాలుతోందని అర్థం. ఆ ఆయిల్ ఎటునుంచి వస్తోందో పొగ ఒక్కటే చెప్పదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి నిమిషంలో తగ్గిపోతే, చాలాసార్లు అది వాల్వ్ సీళ్ల (సిలిండర్‌కు తలుపుల్లాంటి వాల్వుల దగ్గర ఆయిల్‌ను ఆపే రబ్బర్ల) పని. రబ్బరు గట్టిపడి రాత్రంతా బొట్లు బొట్లుగా ఆయిల్ సిలిండర్‌లోకి జారి ఉంటుంది. లోడుతో ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తుంటే రింగులను అనుమానించాలి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే పరికరం) ఉన్న డీజిల్ బండిలో టర్బో సీలు పోయినా అచ్చం ఇంజిన్ పోయినట్టే పొగ కక్కుతుంది. ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపు విప్పి చూడండి. లోపల పల్చగా తడి ఉంటే మామూలే, మడుగు కట్టి ఉంటే టర్బో సంగతి చూడాలి. ఇంకా చిన్న దొంగ, ఇంజిన్ లోపలి గాలిని వదిలే బ్రీదర్ వాల్వు. అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో (క్రాంకు ఉండే కింది గదిలో) ఒత్తిడి పెరిగి, దొరికిన ప్రతి సందులోంచీ ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది. అరచేతిలో పట్టే ఆ వాల్వు కోసం ఇంజిన్ మొత్తం విప్పించుకున్నవాళ్లు ఉన్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

తెల్లపొగ చలి పొద్దుల్లో ఆవిరి మాత్రమే కావచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తూ, కూలెంట్ మట్టం రోజురోజుకీ తగ్గుతుంటే అప్పుడు హెడ్ గాస్కెట్ వైపు చూడాలి. ఆయిల్ మూత కింద మీగడలాంటి జిగురు కనిపిస్తే కంగారు పడతాం గానీ, రోజూ కాస్త దూరం మాత్రమే తిరిగే బండిలో తేమ పేరుకున్నా అదే జిగురు కడుతుంది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్‌కు కూడా అదే రంగు ఉంటేనే భయపడాలి. తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. రేడియేటర్ మీద పెట్టే గొట్టంలో నీలి ద్రవం పోసి, కూలెంట్ పైనుండే గాలిని దాంట్లోంచి లాగుతారు. ద్రవం పసుపుపచ్చకు తిరిగితే మంట తాలూకు గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందన్నమాట.

ఇక చప్పుళ్లు. కనెక్టింగ్ రాడ్ క్రాంకును పట్టుకునే చోటి బేరింగ్ పోతే వచ్చే బరువైన "దడ్ దడ్" శబ్దం ఒకసారి విన్నవాళ్లు మర్చిపోరు. కానీ డీజిల్ ఇంజెక్టర్ పాడైనా దాదాపు అలాగే కొడుతుంది. అరిగిపోయిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (క్లచ్చు దగ్గరి రెండు భాగాల బరువు చక్రం) బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు గలగలలాడుతుంది. ఇంజిన్ పొగను సైలెన్సర్‌కు చేర్చే మేనిఫోల్డ్ బోల్టు ఒకటి తెగితే టకటకమంటుంది. స్కానర్‌తో ఒక్కో ఇంజెక్టర్‌నూ ఆపి చూస్తే, ఏ సిలిండర్ దగ్గర శబ్దం మారిందో దొరికిపోతుంది. పాతకాలం డీజిల్‌లో పైపు నట్టు వదులు చేసి ఇదే పని చేసేవాళ్లు. కామన్ రైల్ బండిలో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టంలోంచి గట్టి పీడనంతో డీజిల్ అందే బండిలో) ఆ పని పొరపాటున కూడా చేయకూడదు. అందులో పీడనం 1,000 బార్లు దాటుతుంది, చర్మాన్ని చీల్చుకుని డీజిల్ లోపలికి పోతుంది.

నాలుగు అంకెలు, ఒక చెంచా ఆయిల్

మా పాత పెట్రోల్ వ్యాను ఒకసారి లాగడం మానేసింది. నిలబడి ఉన్నప్పుడు ఊగుతోంది, ఎత్తు వస్తే రెండో గేరులో ఏడుస్తోంది. మొదట చూసిన మెకానిక్ ఆయిల్ మూత తీసి, కాస్త ఆవిరి చూసి, "బోరుకొచ్చింది, దింపాల్సిందే" అన్నాడు, అంటే సిలిండర్లు అరిగిపోయాయని. రెండో అతను మాట్లాడలేదు. ఇంజిన్ వేడెక్కనిచ్చి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. పెట్రోల్ రాకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోమన్నాడు. ఒక్కో రంధ్రంలో గేజీ బిగించి సెల్ఫ్ కొట్టించాడు. 165, 160, 95, 162 పీఎస్ఐ (పీడనం కొలత). ఆ అంకెల్ని సుద్దముక్కతో బానెట్ మీదే రాశాడు.

సుమారుగా పెట్రోల్ ఇంజిన్‌లో 130 నుంచి 190 పీఎస్ఐ దాకా ఉంటే కంప్రెషన్ (పిస్టన్ నొక్కిన గాలి పీడనం) బాగున్నట్టు. డీజిల్‌లో 300 పైమాటే ఉండాలి. కంపెనీ మాన్యువల్‌లో ఇచ్చిన అంకే ప్రమాణం అనుకోండి. అయినా నేను అంకె కంటే అంకెల మధ్య తేడానే ఎక్కువ పట్టించుకుంటాను. నాలుగూ సమంగా 130 దగ్గరుంటే అది మెల్లగా, మర్యాదగా ముసలిదవుతున్న ఇంజిన్. ఒక్కటే 95కు పడిపోతే అక్కడేదో ప్రత్యేకంగా చెడింది. సిలిండర్ల మధ్య 10, 15 శాతం దాటి తేడా ఉంటే కారణం వెతకాలి.

ఆ మూడో సిలిండర్‌లో అతను చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టించాడు. 100 వచ్చింది. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ కాసేపు సందు పూడ్చి, అంకె గబుక్కున పైకి లేచేది. ఇక్కడ లేవలేదంటే లీకు పైన ఉంది. తర్వాత ఆ పిస్టన్‌ను సరిగ్గా పైకి తెచ్చి ఆపి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించాడు. ఇక చెవులతో పని. గాలి ఇన్‌టేక్ వైపు బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్. మాకు సైలెన్సర్ గొట్టంలోంచి సన్నగా ఈల వినిపించింది. ఎగ్జాస్ట్ వాల్వు. హెడ్డు విప్పి చూస్తే వాల్వు అంచున గోరంత మేర కాలి ఎగిరిపోయి ఉంది. ట్యాపెట్ గ్యాపు (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య సందు) చాలాకాలంగా చూపించకపోవడం మా తప్పే. గ్యాసుతో నడిచే వ్యాన్లలో వాల్వు సీట్లు ఇంకా త్వరగా అరుగుతాయి కాబట్టి అవి నడిపేవాళ్లు గ్యాపును మరింత కనిపెట్టి ఉండాలి.

(డీజిల్ ఇంజిన్‌లో ఆ చెంచా ఆయిల్ ఆట ఆడొద్దు. అందులో పిస్టన్ పైన ఉండే ఖాళీ మరీ తక్కువ. ఆయిల్ నలగదు, రాడ్డు వంగుతుంది.)

ఇంజిన్ దింపకుండానే పని అయిపోయింది. మొదటి మాట నమ్మి ఉంటే ఇంజిన్ మార్చేసేవాళ్లం. ఎవరైనా పరీక్ష చేయకుండా "మార్చాల్సిందే" అంటే, అంకెలు ఏవని అడగండి. చెప్పలేకపోతే ఇంకో షెడ్డు చూసుకోవచ్చు.

హద్దు ఎక్కడంటే

కారులో కంటే వ్యానులో ఇంజిన్ దింపడం పెద్ద పని. కొన్నిటిలో ముందు సీట్ల కింద ఇరుక్కుని ఉంటుంది, కొన్నిటిలో కింద అడ్డదూలం (క్రాస్‌మెంబర్) తీస్తే తప్ప రాదు, ఇంకొన్నిటిలో బండి ముందుభాగమంతా విప్పాలి. ఆ కూలీ రిపేరుకైనా ఒకటే, మార్పిడికైనా ఒకటే. హెడ్డు దాకా ఉన్న పనులు, అంటే గాస్కెట్, వాల్వులు, సీళ్లు, టైమింగ్ బెల్టు, చాలా వ్యాన్లలో ఇంజిన్ అక్కడే ఉండగా అవుతాయి. క్రాంకు, దాన్ని మోసే మెయిన్ బేరింగులు, బోరు (సిలిండర్ లోపలి గోడ) పని అంటే దింపాలి. దింపాక సగం ఖర్చు అప్పుడే పెట్టేసినట్టు. కాబట్టి హద్దుకు ఇవతల రిపేరు దాదాపు ఎప్పుడూ గెలుస్తుంది. అవతల మార్పిడికి, రిపేరుకు మధ్య దూరం బాగా తగ్గిపోతుంది.

హెడ్డు పనిలో కూడా ఒక మెలిక ఉంది. అల్యూమినియం హెడ్డు ఒక్కసారి గట్టిగా వేడెక్కితే వంగుతుంది. కంపెనీలు ఒప్పుకునే వంపు సాధారణంగా 0.05 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఒక సన్నని వెంట్రుక మందం. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని పట్టీ) పెట్టి కింద ఫీలర్ గేజీ (సందు కొలిచే సన్నటి రేకు) దూర్చి చూస్తారు. దాటితే లేత్‌కు పంపి ఫేసింగ్ (ముఖం చెక్కి చదును చేయడం) చేయిస్తారు. ఎంతైనా చేయొచ్చనుకోకండి. డీజిల్‌లో పిస్టన్‌కు, హెడ్డుకు మధ్య ఖాళీ తక్కువ కాబట్టి కొన్ని హెడ్డులకు ఫేసింగ్ అసలు ఒప్పుకోరు. కొన్ని ఇంజిన్లకు రెండు మూడు మందాల్లో గాస్కెట్లు వస్తాయి. అంచున ఉన్న గాట్లో రంధ్రాలో లెక్కపెట్టి పాతదాని సైజు పోల్చుకుంటారు. ఫేసింగ్‌తో పాటు పగుళ్ల పరీక్ష కూడా చేయించకపోతే, అదే హెడ్డు రెండోసారి విప్పించుకునే యోగం పడుతుంది. హెడ్డు బోల్టులు చాలా ఇంజిన్లలో ఒక్కసారి వాడేవే. సాగిపోతాయి, మళ్లీ పట్టవు. అవి పాతవే వేస్తానన్న చోట నేనైతే బండి వదలను.

కింద భాగంలో మొదట చూడాల్సింది ఆయిల్ ప్రెషర్. డాష్‌బోర్డు లైటును నమ్మకుండా, మెకానికల్ గేజీ బిగించి వేడి మీద చూడాలి. 1,000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ అన్నది పాత బండి కొలత. అది బాగా తక్కువుండి పంపు బాగానే ఉంటే బేరింగులు వదులయ్యాయి. క్రాంకుకు గీతలు పడితే 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున గ్రైండ్ చేసి ఆ సైజు బేరింగులు వేస్తారు. బోరు కూడా అంతే, ఓవర్‌సైజు పిస్టన్లు దొరికితేనే పెద్దది చేయాలి. లైనర్లు (సిలిండర్ గోడగా తొడిగే గొట్టాలు) మార్చుకునే బ్లాకైతే అదృష్టం. సిలిండర్ గోడకు ప్రత్యేక పూత ఉన్న అల్యూమినియం బ్లాకైతే మామూలు లేత్ షాపులో కుదిరే పని కాదు. అలాంటప్పుడు ఎంత మంచి మెకానిక్ అయినా చేతులెత్తేస్తాడు.

అసలు ఒక ఇంజిన్ రిపేరుకు లొంగుతుందా లేదా అన్నది దాన్ని గీసిన రోజే సగం తేలిపోతుంది. 1950లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యానునే చూడండి. వెనక గాలితో చల్లబడే ఇంజిన్. నాలుగు సిలిండర్లూ వేటికవే విడి గొట్టాలు. అరిగితే పిస్టన్‌తో సహా తీసి కొత్తవి తొడగొచ్చు, బోరు కొట్టే పనే లేదు. బ్రెజిల్‌లో ఆ వ్యాను 2013 దాకా తయారైంది, గాలితో చల్లబడే ఇంజిన్‌తో 2005 దాకా. దాని జబ్బు కూడా అందరికీ తెలిసిందే. తొలినాళ్ల డిజైన్‌లో ఆయిల్ కూలర్ మూడో సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డం ఉండేది, అందుకే మూడో ఎగ్జాస్ట్ వాల్వే ముందు కాలేది. 1970ల మొదట్లో కూలర్‌ను పక్కకు జరిపారు. అయినా అంత లొంగే ఇంజిన్‌కూ ఒక ముగింపు ఉంది. దాని మెగ్నీషియం కేసు ఏళ్ల తరబడి వేడికి నలిగి, మెయిన్ బేరింగులు కూర్చునే గూళ్లు వరస తప్పుతాయి. అప్పుడు పైన ఎన్ని కొత్త సిలిండర్లు తొడిగినా కింద కొట్టుకుంటూనే ఉంటుంది. 1982 చివర్లో అదే కంపెనీ నీళ్లతో చల్లబడే ఇంజిన్ తెచ్చాక ఇంకో కథ మొదలైంది. కూలెంట్ సమయానికి మార్చని బండ్లలో హెడ్డు అంచులు తుప్పుతో తినేయబడి కారేవి. గాస్కెట్ ఒక్కటే మార్చి ఊరుకున్నవాళ్లకు కొన్నాళ్లకే మళ్లీ అదే కారడం.

మార్చాలనుకుంటే

మార్పిడి అంటే కూడా ఒకటే అర్థం లేదు. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ అన్నిటికంటే చవక. కానీ ఏ పుట్టలో ఏ పాముందో. గుద్దుకున్న బండిలోంచి దింపిందైతే మంచిది, ఎందుకంటే ఆ రోజు వరకు అది నడుస్తూనే ఉంది. నడవక మూలన పడేసిన బండిలోదైతే మనం పోగొట్టుకున్న జబ్బే కొనుక్కుంటున్నామేమో. బండిలో ఉండగానే కంప్రెషన్ చూడనిస్తే చూడాలి. లేకపోతే ఆయిల్ మూత, ప్లగ్గులు, కూలెంట్ దారుల్లో తుప్పు, సంపు (కింద ఆయిల్ నిలిచే గిన్నె) విప్పనిస్తే అడుగున లోహపు పొడి చూడాలి. ఇంజిన్ కోడ్ ఒక్క అక్షరం తేడా ఉన్నా సెన్సార్లు, ఇంజెక్టర్లు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) కలవకపోవచ్చు. ఇంజిన్ నంబరు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండే చోట ఆ మార్పు నమోదు చేయించకపోతే రేపు అమ్మేటప్పుడు తలనొప్పి.

రీకండిషన్డ్ అన్న మాటను ఇంకా జాగ్రత్తగా వినాలి. రంగు కొట్టి గాస్కెట్లు మార్చినా రీకండిషన్డే, క్రాంకు గ్రైండ్ చేసి, బోరు కొట్టి, ప్రతి కొలతా కాగితం మీద రాసిచ్చినా రీకండిషన్డే. కొలతల కాగితం ఇవ్వనివాళ్ల ఇంజిన్‌ను సెకండ్ హ్యాండ్ లెక్కలోనే వేసుకోండి. షార్ట్ బ్లాక్ అంటే కింద భాగం మాత్రమే, మీ పాత హెడ్డు దాని మీదకు ఎక్కుతుంది. హెడ్డు పగిలి ఉంటే ఆ బేరం పనికిరాదు.

ఏది కొన్నా, బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వెనక ఆయిల్ సీలు, క్లచ్చు మార్చేయాలి. వీటి సామాను ఖర్చు కంటే మళ్లీ దింపే కూలీ ఎక్కువ.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. పాత ఇంజిన్ ఎందుకు పోయింది? రేడియేటర్ పూడుకుపోయి వేడెక్కి పోయి ఉంటే, అదే రేడియేటర్ కొత్త ఇంజిన్‌నూ తింటుంది. బేరింగు ముక్కలై పోయి ఉంటే, ఆ పొడి ఆయిల్ కూలర్‌లో, టర్బో పైపుల్లో దాక్కుని ఉంటుంది. కూలర్‌ను కడిగి సరిపెట్టుకోవడం కష్టం, మార్చేయడమే మేలు. ఒకే వ్యానులో ఏడాదిలో రెండు ఇంజిన్లు పోయాయంటే చాలావరకు కారణం ఇదే.

వ్యానుకు ఎంత ఆయుష్షు?

ఇంజిన్ మార్చొచ్చు, ఛాసిస్ మార్చలేం. కాబట్టి బానెట్ కంటే ముందు కింద పడుకుని చూడాలి. సస్పెన్షన్ పట్టుకున్న చోట్లు, డోర్ల కింది అంచులు, ఛాసిస్ రెయిళ్లు, స్టీరింగ్ బాక్సు చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కండి. టంగుమంటే సరే. కరకరమని లోపలికి దిగితే, కొత్త ఇంజిన్ మాట అక్కడితో ఆపేయొచ్చు. పైన కొత్తగా మెరుస్తున్న రంగు, కింద మందంగా పూసిన తారు చూస్తే నాకు అనుమానమే. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ కూడా అదే వయసువి. నిద్రపోయే ఏర్పాట్లో, పనిముట్ల అరలో లోపల బిగించి ఉన్న వ్యానైతే లెక్క మారుతుంది. ఆ పని మళ్లీ ఇంకో బండిలో చేయించాలంటే ఎంతవుతుందో అదీ కలుపుకోవాలి.

డబ్బు లెక్కలో అందరూ చేసే తప్పు ఒకటుంది. "బండి అమ్మితే వచ్చేదానికంటే ఎక్కువ ఇంజిన్‌కు పెట్టడం పిచ్చితనం" అంటారు. పోల్చాల్సింది దాంతో కాదు. రీకండిషన్డ్ ఇంజిన్ బిగించడానికయ్యే మొత్తాన్ని 100 అనుకుందాం. ఇంజిన్ పోయిన వ్యానును ఉన్నపళంగా అమ్మితే 20 వస్తుంది. అంటే మార్పిడికి మీరు నిజంగా పెడుతున్నది 120. ఇదే తీరులో ఉన్న మరో వ్యాను 130కి దొరికితే, దాని ఇంజిన్ గురించి మీకేమీ తెలియదు. ఆ 130కి మొదటి ఏడాది బయటపడే రిపేర్లు కలిపి చూస్తే, తెలిసిన పాత బండే చాలాసార్లు చవక. అదే వ్యాను 80కే దొరుకుతుంటే పాతదాని మీద మమకారం ఖరీదైనదే. నిరుడు గేర్‌బాక్సుకు పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. ఆ గేర్‌బాక్సుకు ఇంకా మిగిలిన ఆయుష్షు మాత్రం లెక్కలోకి వస్తుంది.

రిపేరు వైపు కూడా ఇలాగే. హెడ్డు పనికి 30 అనుకోండి. ఏడాదిలోపు కింద భాగం కూడా పోయే అవకాశం నాలుగింట ఒకటి ఉంటే, ఆ 30కి 100లో పాతిక కలిపి 55 అని లెక్క. హాయిగా రిపేరు చేయించొచ్చు. సగానికి సగం అవకాశం ఉంటే 80 అవుతుంది, ఇంకా రిపేరే కాస్త మేలు. ఆయిల్ ప్రెషర్ తక్కువుండి, ఫిల్టర్‌లో బేరింగుల నుంచి రాలిన రాగి రంగు పొడి కనిపించి, అవకాశం 70 శాతం దాటిందనుకుంటే హెడ్డు మీద పెట్టే 30 వృథా. వ్యానుతో బతుకుతున్నవాళ్లు రోజులు కూడా కలుపుకోవాలి. ఇంజిన్ మార్చడం కొద్ది రోజుల పని. లేత్ షాపు చుట్టూ తిరిగే పూర్తి రిపేరు వారాలు పడుతుంది, "రేపు ఇస్తాం" అన్న మాటకు అక్కడ తారీఖు ఉండదు.

ఏ దారి పట్టినా మొదటి స్టార్టు దగ్గర హడావుడి పడొద్దు. పెట్రోలో డీజిలో అందకుండా చేసి, గేజీలో ఆయిల్ ప్రెషర్ లేచేదాకా సెల్ఫ్‌ను కాసేపు తిప్పుతూ, ఆపుతూ ఉండాలి. అప్పుడు స్టార్ట్ చేయాలి. మొదటి 1,000 కిలోమీటర్లలోపే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆ ఫిల్టర్‌ను పారేయకుండా డబ్బా కోసి, లోపలి కాగితాన్ని మడత మడతగా విప్పి ఎండలో పెట్టి చూడండి. కొత్త రింగులు కూర్చునేటప్పుడు సన్నటి బూడిదరంగు నలుసులు కొన్ని మామూలే. రెండో ఫిల్టర్‌లో అవి తగ్గాలి. రాగి రంగు మెరుపు కనిపిస్తే, వారంటీ కాగితం ఎక్కడుందో వెతకండి.